గొంతునొప్పి, అమాక్సిసిలిన్, పాత దద్దుర్లు

ప్రశ్న: గొంతునొప్పి, జ్వరంతో వెళితే డాక్టరు పరీక్ష చేయించి, స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా వల్ల అని తేల్చి, పది రోజులకు అమాక్సిసిలిన్ రాశారు. మూడో రోజుకే తగ్గిపోయింది. ఇక మానేసి, మిగిలినవి జలుబు చేసినప్పుడు వాడుకోవచ్చా? చిన్నతనంలో పెన్సిలిన్ వేస్తే ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయని అమ్మ ఇప్పుడు చెబుతోంది. భయపడాలా?

జవాబు: మీరు చివర అడిగినదే అన్నిటికన్నా ముఖ్యం. అమాక్సిసిలిన్ కూడా పెన్సిలిన్ కుటుంబానికి చెందిన మందే కనుక, తర్వాతి మోతాదు వేసుకోకముందే ఈ సంగతి మీ డాక్టరుకు చెప్పండి. మూడు రోజులుగా ఏ ఇబ్బందీ లేకపోవడం మంచి సూచనే గాని, కొందరిలో దద్దుర్లు వారం గడిచాక కూడా కనిపిస్తాయి. పెన్సిలిన్ పడదని నమ్ముతున్నవారిలో పదింట తొమ్మిదిమందికి, సరిగ్గా పరీక్షిస్తే, అలర్జీ లేదనే తేలుతుంది. చిన్నప్పటి దద్దుర్లు చాలాసార్లు ఆనాటి వైరస్ జ్వరం వల్ల వచ్చినవే అయివుంటాయి. కాబట్టి వీలుచూసుకుని అలర్జీ నిపుణుల చేత తేల్చుకోవడం మేలు, లేకపోతే ఉత్తి అనుమానంతో జీవితమంతా ఒక మంచి మందుకు దూరమవుతారు. అయితే పెదవులు, నాలుక వాచినా, ఊపిరి అందకపోయినా, కళ్లు తిరిగి పడిపోతున్నట్లున్నా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

డాక్టరు కొనసాగించమంటే మధ్యలో మానకండి. నొప్పి తగ్గినా గొంతులో స్ట్రెప్టోకాకస్ మిగిలి ఉండవచ్చు. అది పూర్తిగా పోకపోతే కొందరికి, ముఖ్యంగా పిల్లలకు, గుండె కవాటాలను దెబ్బతీసే రుమాటిక్ జ్వరం రావచ్చు. పది రోజుల లెక్క అందుకే. అన్ని జబ్బులకూ ఇదే గడువు కాదు, కొన్నింటికి అయిదు రోజులే చాలు.

ఇక జలుబు సంగతి. ఈ మందు బాక్టీరియా తన కణకవచాన్ని కట్టుకోకుండా అడ్డుపడుతుంది. జలుబు తెచ్చే వైరస్‌లకు ఆ కవచమే లేదు. వాటిమీద దీనికి పనేమీ ఉండదు, పేగుల్లోని మేలుచేసే బాక్టీరియాను చంపి విరేచనాలు మాత్రం తెస్తుంది. విరేచనాలు తీవ్రమైనా, రక్తం పడినా డాక్టరుకు చూపించవలసిందే. పెన్సిలిన్‌ను 1928లో కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్, 1945 నాటి నోబెల్ ఉపన్యాసంలో, గొంతునొప్పికి తనంతట తానే చాలీచాలని పెన్సిలిన్ వేసుకుని, క్రిములకు మందును తట్టుకోవడం నేర్పిన ఒక ఊహాజనిత రోగిని ఉదాహరించారు. మీ ఉత్తరం చదువుతుంటే ఆ రోగే గుర్తొచ్చారు.