రెండిళ్ల నెట్‌వర్క్‌లను కలపాలంటే ఏ వీపీఎన్?

ప్రశ్న: మా ఇంట్లో ఫైళ్లు దాచే నాస్ ఉంది, అమ్మావాళ్ల ఇంట్లో కెమెరా రికార్డర్ ఉంది. రెండూ రెండిళ్ల నుంచీ అందాలి. ఇంటర్నెట్ మీదుగా సొంత దారి వేసే వీపీఎన్‌లైన వైర్‌గార్డ్, ఓపెన్‌వీపీఎన్, టెయిల్‌స్కేల్‌లలో ఏది మేలు?

జవాబు: సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత, ముందు రెండు రౌటర్ల సెట్టింగులు చూడండి. రెండిళ్లలోనూ లోపలి అడ్రసులు 192.168.1తోనే మొదలవుతుంటే ఏ వీపీఎన్ పెట్టినా చిక్కే. అవతలి ఇంట్లోని 192.168.1.20ని అడిగితే మీ కంప్యూటర్ దాన్ని ఇక్కడే వెతుకుతుంది. ఒక ఇంటిని 192.168.50.0/24కి, అంటే 192.168.50తో మొదలయ్యే అడ్రసులకు, మార్చేయండి. చేత్తో ఐపీ ఇచ్చిన కెమెరాలు, ప్రింటర్లు ఉంటే వాటికీ కొత్త అడ్రసు ఇవ్వాలి.

ఇక వాన్ ఐపీ, అంటే రౌటర్‌కు ఇంటర్నెట్ వైపు ఉన్న అడ్రసు. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యేదైతే ఆ ఇల్లు సీజీనాట్ (ఇంటర్నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు పంచే పద్ధతి) వెనక ఉన్నట్టే. అక్కడ పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చేదాన్ని రౌటర్ లోపలి పరికరానికి పంపడం) వృథా ప్రయాస.

ఒక్క ఇంటికైనా పబ్లిక్ ఐపీ ఉంటే వైర్‌గార్డ్ పెట్టండి. తేలిక, వేగం రెండూ ఉన్నాయి. 2020లో వచ్చిన లినక్స్ 5.6 నుంచి దాని మూల భాగమైన కెర్నెల్‌లోనే ఉంది. పబ్లిక్ ఐపీ ఉన్న ఇంట్లో యూడీపీ (డేటా పంపే ఒక పద్ధతి) 51820 పోర్ట్ తెరవండి. రెండో ఇంటి వైపు పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ 25 అని రాయండి, లేకపోతే కాసేపు వాడకపోయేసరికి దారి మూసుకుపోతుంది. అలౌడ్ ఐపీస్ సెట్టింగులో అవతలి టన్నెల్ ఐపీతో (వీపీఎన్ లోపల దాని అడ్రసుతో) పాటు అవతలి ఇంటి సబ్‌నెట్ (అక్కడి లోపలి అడ్రసుల వరుస) కూడా ఉండాలి. పబ్లిక్ ఐపీ అప్పుడప్పుడూ మారేదైతే ఐపీ మారినా అదే ఇంటిని చూపే డైనమిక్ డీఎన్‌ఎస్ పేరు పెట్టుకోవచ్చు. కానీ లినక్స్‌లో వైర్‌గార్డ్ ఆ పేరును మొదలయ్యేటప్పుడు మాత్రమే ఐపీగా మార్చుకుంటుంది. కాబట్టి పేరును మళ్లీ మళ్లీ సరిచూసే చిన్న స్క్రిప్ట్ కావాలి.

రెండిళ్లూ సీజీనాట్ వెనకే ఉంటే టెయిల్‌స్కేల్. ఇంటికొక చిన్న లినక్స్ పెట్టెను సబ్‌నెట్ రౌటర్‌గా పెట్టి, అది ప్రకటించిన రూట్లను (తన ద్వారా ఏ అడ్రసులకు చేరవచ్చో ఆ దారులను) అడ్మిన్ పేజీలో ఆమోదించండి. లినక్స్‌లో అవతలి రూట్లను తీసుకోమని విడిగా చెప్పాలి. నేరుగా దారి దొరక్కపోతే డేటా రిలే సర్వర్ మీదుగా వెళ్తుంది, వేగం పడిపోతుంది.

యూడీపీని అడ్డుకునే కనెక్షన్ అయితే తప్ప ఓపెన్‌వీపీఎన్ జోలికి పోనక్కర్లేదు. అప్పుడు దాన్ని టీసీపీ అనే మరో పద్ధతిలో 443 పోర్ట్ మీద నడపొచ్చు, కాస్త నెమ్మదిగానే.

ప్రశ్న: వైర్‌గార్డ్ కలిసింది. రెండు చివర్లలో దాన్ని నడిపే చిన్న పెట్టెలు ఒకదాని పింగ్‌కు (ఉన్నావా అని అడిగే సందేశానికి) ఒకటి పలుకుతున్నాయి. మిగతా పరికరాలు మాత్రం పలకవు. ఎందుకు?

జవాబు: వీపీఎన్ రౌటర్‌లో కాక వేరే పెట్టెలో నడుస్తోంది కదా, తిరుగు దారి మీ రౌటర్‌కు తెలియదు. రౌటర్‌లో అవతలి సబ్‌నెట్‌కు ఈ పెట్టె ఐపీని గేట్‌వేగా (అటు వెళ్లే ద్వారంగా) చూపుతూ స్టాటిక్ రూట్ రాయండి, రెండిళ్లలోనూ. పెట్టెలో ఐపీ ఫార్వర్డింగ్ (ఇతర పరికరాల డేటాను ముందుకు పంపే సెట్టింగ్) కూడా 1గా ఉండాలి. అప్పటికీ ఒక్క విండోస్ కంప్యూటరే పలకకపోతే దాని ఫైర్‌వాల్ వేరే సబ్‌నెట్ నుంచి వచ్చే పింగ్‌ను ఆపుతోందేమో చూడండి. పింగ్ వస్తూ పేజీలు మాత్రం సగంలో ఆగిపోతుంటే ఎంటీయూను (ఒకసారి పంపే డేటా ముక్క గరిష్ఠ సైజును) 1420 నుంచి 1280కి తగ్గించండి.