తెర దాటి బయటికొచ్చిన గేములు: ఆ ఆశ్చర్యం ఇప్పుడు ఆడినా దక్కాలంటే

మీరు అడిగినవి రెండు. వీడియో గేముల్లో ఆటగాళ్ళు నోరెళ్ళబెట్టిన సన్నివేశాలు ఏవి? అవే పాత గేములు ఇప్పుడు ఎమ్యులేటర్‌లో (పాత కన్సోల్‌లా కంప్యూటర్‌ను పనిచేయించే ప్రోగ్రామ్‌లో) ఆడితే ఆ సన్నివేశాలు ఎందుకు చప్పగా తేలిపోతున్నాయి? రెండోదానికి జవాబు ముందు చెబుతాను, ఎందుకంటే మొదటి ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది.

గ్రాఫిక్స్ చూసి కలిగే ఆశ్చర్యం నాలుగైదేళ్ళలో పాతబడుతుంది. పాతబడనిది మరొకటుంది. ఆటంటే తెర మీద కనిపించేదే అనుకుని కూర్చున్నవాడికి, చేతిలోని కంట్రోలరూ, మెమరీ కార్డూ, డిస్కు వచ్చిన డబ్బా, చివరికి కన్సోల్ గడియారం కూడా ఆటలో భాగమేనని ఉన్నట్టుండి తెలిసిరావడం. ఎమ్యులేటర్ ముందుగా పక్కకు తోసేసేది సరిగ్గా వాటినే. వాటిని మళ్ళీ తెచ్చిపెట్టుకుంటే సన్నివేశం మళ్ళీ పండుతుంది. కింద ఉన్నవన్నీ ఆ కోవలోవే. గుట్టు విప్పకుండా చెప్పడం కుదరదు కాబట్టి స్పాయిలర్లు ఉంటాయి.

ఈ కోవలో తిరుగులేనిది 1998లో ప్లేస్టేషన్‌కి వచ్చిన మెటల్ గేర్ సాలిడ్‌లో సైకో మాంటిస్ ఘట్టం. మనసులు చదవగలనంటూ వచ్చే ఆ విలన్, ముందు మీ మెమరీ కార్డ్ చదువుతాడు. అందులో కొనామీ వాళ్ళ వేరే గేముల సేవ్ ఉంటే పేరు పెట్టి మరీ చెబుతాడు: కాసిల్‌వేనియా ఇష్టమా, సూయికోడెన్ ఇష్టమా అని. ఎన్నిసార్లు సేవ్ చేశారో చూసి మీరు జాగ్రత్తపరులో దూకుడు మనుషులో తేల్చేస్తాడు. తర్వాత కంట్రోలర్‌ను నేల మీద పెట్టమంటాడు. పెడితే వైబ్రేషన్‌తో అది దానంతటదే కదులుతుంది. మధ్యలో తెర నల్లబడి, మూలన ఆకుపచ్చ అక్షరాల్లో 'హిడియో' అని వస్తుంది. ఆ కాలపు టీవీలు సిగ్నల్ పోయినప్పుడు 'వీడియో' అని చూపించేవి కాబట్టి, తీగ ఊడిందేమోనని లేచి చూసినవాళ్ళు ఎందరో. నిజానికి అది దర్శకుడు హిడియో కొజిమా పేరు. పోరు మొదలయ్యాక మీ ప్రతి కదలికనూ ముందే పసిగట్టి తప్పించుకుంటాడు. కంట్రోలర్‌ను ఒకటో పోర్ట్ నుంచి ఊడదీసి రెండో పోర్ట్‌కి పెడితే అప్పుడు దెబ్బ తగులుతుంది.

ఇక దీన్ని ఎమ్యులేటర్‌లో సరిగ్గా చూడాలంటే మూడు చోట్ల సెట్టింగులు మార్చాలి. డక్‌స్టేషన్ అనే ప్లేస్టేషన్ ఎమ్యులేటర్ తీసుకుంటే, అది మామూలుగా ఒక్కో గేముకు ఒక్కో మెమరీ కార్డ్ తయారుచేస్తుంది. అందుకే మాంటిస్‌కి మీ కార్డ్‌లో మెటల్ గేర్ తప్ప ఇంకేమీ కనబడదు, ఆ మాటలేవీ రావు. ఎక్కువమందికి ఈ సన్నివేశం చప్పగా అనిపించడానికి కారణం ఇదే. మెమరీ కార్డ్ సెట్టింగుల్లో ఒకటో స్లాట్‌ను 'అన్ని గేములకూ ఒకటే కార్డ్' అన్నదానికి మార్చండి. ఆ తర్వాత కాసిల్‌వేనియా: సింఫనీ ఆఫ్ ద నైట్ పెట్టి, మొదటి సేవ్ గది దాకా ఆడి సేవ్ చేయండి, అంతే చాలు. రెండు గేములూ ఒకే ప్రాంతానివి అయ్యుండాలి. అమెరికా డిస్కుతో ఆడుతూ కార్డ్‌లో జపాన్ సేవ్ పెడితే గుర్తుపట్టదు, ఎందుకంటే గేము చూసేది సేవ్ ఫైల్‌లోని డిస్కు కోడ్‌ను, ప్రతి దేశానికీ ఆ కోడ్ వేరు.

రెండోది, కంట్రోలర్ రకం. 'డిజిటల్' అని ఉంటే వైబ్రేషన్ రాదు. 'అనలాగ్', అంటే డ్యుయల్‌షాక్ రకం ఎంచుకుని, వైబ్రేషన్ మోటార్లను మీ ప్యాడ్‌కి కలపండి. పరుపు మీదో సోఫా మీదో పెడితే కదలిక తెలియదు. నున్నటి నేల మీదో చెక్క బల్ల మీదో పెట్టి చూడండి. మూడోది పోర్ట్ మార్పిడి: ముందుగానే రెండో పోర్ట్‌కి కూడా అదే ప్యాడ్ బటన్లు కేటాయించి పెట్టుకోండి. పోరు మొదలయ్యాక ఒకటో పోర్ట్‌లో 'కంట్రోలర్ లేదు' అని మారిస్తే సరిపోతుంది. ముందే రెండో పోర్ట్‌లో పెట్టుకుని పోరులోకి దిగకండి, వాడు తప్పించుకుంటుంటే కలిగే నిస్సహాయత లేకపోతే ఈ మార్పిడికి విలువే లేదు. పీఎస్3లో కొన్న డిజిటల్ కాపీ అయితే కంట్రోలర్ మధ్యలోని పీఎస్ బటన్ నొక్కి, కంట్రోలర్ సంఖ్యను 2కి మార్చాలి. పీఎస్ క్లాసిక్‌లో అయితే రెండో యూఎస్‌బీ రంధ్రంలోకి మార్చితే చాలు, ఈ మార్పిడి వరకు అసలు అనుభవానికి దగ్గరగా ఉండేది అదే. పోరులో ఇంకో మాట: మాంటిస్ మాయమైనప్పుడు థర్మల్ గాగుల్స్ పెట్టుకుంటే కనబడతాడు. వాడి వశంలో ఉన్న మెరిల్ అనే మీ సహచరిని తుపాకీతో కాల్చకండి, చేతులతో కొట్టి స్పృహ తప్పించండి. ఆమె చనిపోతే ఆట ముగిసినట్టే.

ఇదే గేములో ఇంకా ముందు వచ్చేది డబ్బా సంగతి. మెరిల్‌ను సంప్రదించాలంటే రేడియో ఫ్రీక్వెన్సీ సీడీ డబ్బా వెనక ఉందని కెన్నెత్ బేకర్ అనే పాత్ర చెబుతుంది. ఆ పక్కనే మీరు ఆడే స్నేక్ అనే పాత్రకు ఒక ఆప్టికల్ డిస్క్ కూడా ఇస్తుంది. దాంతో అందరూ ఆటలో ఉన్న ఆ డిస్కునే తిప్పి తిప్పి చూస్తారు. చూడవలసింది మీరు కొని తెచ్చుకున్న అసలు డబ్బా వెనక, అక్కడ ముద్రించిన ఒక చిన్న చిత్రంలో 140.15 అని ఉంటుంది. మన ఊళ్ళలో అప్పట్లో పల్చటి ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాపీ డిస్కులే చేతికి అందేవి. వాటికి డబ్బానే ఉండదు, అందుకే ఎంతోమంది ఇక్కడే ఆగిపోయారు. అలా ఇరుక్కుంటే 140.00 నుంచి ఒక్కో అంకె జరుపుతూ పిలిచి చూడటం ఒక దారి. అది కాసేపటి పనే. ఎమ్యులేటర్‌లో ఆడే ముందు డబ్బా వెనక భాగం ఫొటో ఒకటి ప్రింట్ తీసి పక్కన పెట్టుకోమని నా సలహా. తెర మీద చదవడం వేరు, చేత్తో తిప్పి చూసుకోవడం వేరు.

కాగితంతో ఇలాంటి పనే 1990లో నింటెండో తన స్టార్‌ట్రాపిక్స్‌లో చేసింది. పెట్టెలో ఒక ఉత్తరం వచ్చేది. దాన్ని నీళ్ళలో ముంచితే గేములో అడిగే 747 అనే అంకె తేలేది. సెకండ్‌హ్యాండ్‌లో క్యాట్రిడ్జ్ ఒక్కటే కొన్నవాళ్ళకు ఉత్తరం ఉండదు కాబట్టి ఆ అంకె ముందే రాసిపెట్టుకోండి.

గడియారం విషయానికి వస్తే మెటల్ గేర్ సాలిడ్ 3, 2004. ద ఎండ్ అనే నూరేళ్ళు దాటిన ముసలి స్నైపర్‌తో అడవిలో పోరు, గంటల తరబడి సాగవచ్చు. ఆ పోరు మధ్యలో సేవ్ చేసి, వారం దాటాక లోడ్ చేస్తే ఆయన వయసు మీదపడి కన్నుమూసి ఉంటాడు. వారం ఆగలేనివాళ్ళు కన్సోల్ తేదీని ఎనిమిది రోజులు ముందుకు జరిపినా అదే ఫలితం. పీఎస్2లో డిస్కు తీసి మెనూలోకి వెళ్ళి, సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో గడియారం మార్చాలి. స్విచ్‌లో అయితే ముందు ఇంటర్నెట్ ద్వారా సమయం సరిచేసుకోవడాన్ని ఆపాలి, లేకపోతే తేదీ మార్చనివ్వదు. ఎమ్యులేటర్‌లో ఎక్కువమంది చేసే తప్పు సేవ్ స్టేట్, అంటే గేముది కాక ఎమ్యులేటర్ సొంత సేవ్, వాడటం. తేదీని పోల్చేది గేము తన సొంత సేవ్‌ను లోడ్ చేసేటప్పుడే. సేవ్ స్టేట్ ఆ దశనే దాటవేసి, ఆగిన క్షణాన్ని ఉన్నదున్నట్టు తెచ్చిపెడుతుంది. కాబట్టి గేములోపలి సేవే వాడాలి. ఇంకొకటి, ఇలా గెలిస్తే మీకు ఆయన తుపాకీ రాదు. మోసిన్ నగాంత్ అనే ఆ మత్తు రైఫిల్ దక్కాలంటే ప్రాణం కాక స్టామినా తగ్గించి ఓడించాలి. మాస్ కామో అనే మారువేషపు దుస్తులు కావాలంటే వెనక నుంచి నిశ్శబ్దంగా వెళ్ళి తుపాకీ గురిపెట్టాలి. నన్నడిగితే మొదటిసారి పోరాడి గెలవండి, గడియారం సంగతి రెండో ఆటకు ఉంచుకోండి. ఆ అడవిలో ఆయన శ్వాస వినడానికి చెవి రిక్కించి కూర్చోవడం ఆ గేముకే తలమానికం.

మెటల్ గేర్ సాలిడ్‌ కన్నా ముందే, 1993లో సెగా జెనెసిస్‌కి వచ్చిన ఎక్స్-మెన్ ఇంకా సాహసం చేసింది. మోజోస్ క్రంచ్ అనే లెవెల్ చివర కంప్యూటర్‌ను రీసెట్ చేయమంటుంది. తెర మీద అలాంటి బటనే ఉండదు. నొక్కవలసింది కన్సోల్ మీద ఉన్న అసలు రీసెట్ బటన్. అది నొక్కితే అప్పటిదాకా ఆడిందంతా పోతుందన్న భయంతో ఎవరు నొక్కుతారు? కానీ జెనెసిస్‌లో రీసెట్ నొక్కితే ప్రాసెసర్ మాత్రమే మొదటికి వెళుతుంది, మెమరీలోని వివరాలు చెరిగిపోవు. గేము లేవగానే ఆ వివరాలు చూసుకుని తర్వాతి లెవెల్‌కి తీసుకెళుతుంది. తేలిగ్గా ఒక్కసారి తట్టి వదిలేయాలి, నొక్కిపట్టకూడదు. ఎమ్యులేటర్‌లో 'సాఫ్ట్ రీసెట్' ఎంచుకోండి. 'హార్డ్ రీసెట్' అయితే మెమరీ తుడిచిపెట్టుకుపోయి టైటిల్ తెర దగ్గర తేలుతారు. చేత పట్టుకుని ఆడే సెగా నోమాడ్‌లో రీసెట్ బటనే లేదు, కాబట్టి దాంట్లో ఈ గేమును ఇక్కణ్ణుంచి ముందుకు తీసుకెళ్ళలేరు.

నింటెండో డీఎస్‌లోని జెల్డా: ఫాంటమ్ అవర్‌గ్లాస్, 2007, ఇంత కఠినం కాదు గానీ అంతకన్నా ముచ్చటైనది. ఒక ముద్రను సముద్రపటం మీద అద్దమంటుంది. పై తెర మీద ముద్ర, కింది తెర మీద పటం. స్టైలస్‌తో ఎంత గీకినా, ఎంత నొక్కినా పని జరగదు. పుస్తకం మూసినట్టు డీఎస్‌ను మడిచి తెరవాలి, పై తెర కింది తెర మీద ఆనుతుంది కదా! మడత పెట్టలేని 2డీఎస్‌లో స్లీప్ మీట జరిపితే అదే పని చేస్తుంది. మెలన్‌డీఎస్ అనే డీఎస్ ఎమ్యులేటర్‌లో మూత మూసే, తెరిచే పనికి హాట్‌కీ ఉంది, ముందే ఏదో ఒక కీ కేటాయించుకోండి. విసిగిపోయి గేము పక్కన పెట్టేద్దామని డీఎస్ మూసినవాళ్ళకు తెరిచేసరికి జవాబు దొరికిపోతుంది.

కంప్యూటర్‌లో ఆడేవాళ్ళకు 2015 నాటి అండర్‌టేల్. మొదటి ప్రాంతం చివర టోరియెల్ అనే అమ్మలాంటి పాత్ర దారికి అడ్డు నిలుస్తుంది. కొంచెం బలహీనపరిచి వదిలేద్దామనుకుని కొడుతూ పోతే, ఒక దశ దాటాక ఒక్క దెబ్బకే ప్రాణం పోతుంది. చాలామంది ఇక్కడ అనుకోకుండానే చంపేస్తారు. బాధపడి, గేము మూసి, పాత సేవ్ తెరిచి, ఈసారి పదేపదే 'స్పేర్' ఎంచుకుని ఆమెను బతికించి బయటికొస్తే, ఎదురుగా ఫ్లవీ అనే పువ్వు మీరు ఇంతకుముందు చేసింది తనకు తెలుసంటుంది. ఆటగాడి సేవ్ ఒక ఫైల్‌లో ఉంటే, ఇలాంటి జ్ఞాపకాలు పక్కనే ఉన్న మరో ఐఎన్‌ఐ ఫైల్‌లో ఉంటాయి. రెండోది మీరు సేవ్ చేయకపోయినా రాసుకుంటూ పోతుంది. అందరినీ చంపే దారిలో చివరిదాకా వెళితే, ఆ మచ్చ తర్వాత ఆడే మంచి ముగింపు మీద కూడా పడుతుంది. అది పోవాలంటే విండోస్‌లో యాప్‌డేటా, లోకల్ ఫోల్డర్‌లోపలి అండర్‌టేల్ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ తీసేయాలి. 962, 963 అంకెలతో ముగిసే సిస్టమ్ ఇన్ఫర్మేషన్ ఫైళ్ళు అసలు దోషులు. స్టీమ్‌లో ఆడుతుంటే ముందు ఈ గేముకు క్లౌడ్ ఆపండి, లేకపోతే మీరు తీసేసినవి అది మళ్ళీ తెచ్చిపెడుతుంది.

గేము పాడైపోయిందని నమ్మించేవి మరో రెండున్నాయి. గేమ్‌క్యూబ్‌లో 2002 నాటి ఎటర్నల్ డార్క్‌నెస్ టీవీ వాల్యూమ్ దానంతటదే తగ్గుతున్నట్టు చూపిస్తుంది, సేవ్‌లు చెరిగిపోతున్నట్టు నటిస్తుంది. ఇవి పాత్ర మతిస్థిమితాన్ని చూపే పట్టీ బాగా తగ్గినప్పుడే వస్తాయి. ప్రతి శత్రువునూ పూర్తిగా ముగించి ఆ పట్టీని నిండుగా ఉంచుకుంటూ జాగ్రత్తగా ఆడేవాళ్ళు వీటిలో సగం కూడా చూడకుండానే గేము ముగించేస్తారు. కాబట్టి కొన్ని గదుల పాటు దాన్ని అడుగంటనివ్వండి. 2009 నాటి బ్యాట్‌మ్యాన్: ఆర్కమ్ అసైలమ్‌లో స్కేర్‌క్రో మూడోసారి వచ్చే ముందు బొమ్మ చెదిరి, గేము ఆగిపోయి మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. కన్సోల్ ఆపకండి, కాసేపు ఓపిక పట్టండి. ఈసారి కారు నడిపేది జోకర్. ఆ తర్వాత, మీ పాత్ర చనిపోయాక వచ్చే తెర మీద మధ్య స్టిక్ వాడి తప్పించుకోమని సూచన వస్తుంది. మీ కంట్రోలర్‌కి మధ్య స్టిక్ లేదు. మళ్ళీ ప్రయత్నించు అన్నది నొక్కి ముందుకు సాగిపోండి.

పై గేముల రహస్యాలు చాలావరకు నేనే విప్పేశాను కాబట్టి, ఒక్కటి మాత్రం విప్పకుండా పేరు చెబుతున్నాను: అవుటర్ వైల్డ్స్, 2019. పేరు కలుస్తుందని అవుటర్ వరల్డ్స్ కొనుక్కోకండి, అది వేరే గేము. యూట్యూబ్‌లో దాని పేరు వెతకకండి, వికీ తెరవకండి. ఎటు వెళ్ళాలో తోచకపోతే ఓడలో ఉన్న లాగ్ కంప్యూటర్ చూడండి. ఇంకా చూడాల్సింది మిగిలిన చోట అది గుర్తు పెట్టి చూపిస్తుంది. కంట్రోలర్‌తో ఆడండి, మౌస్‌తో ఓడ నడపడం కష్టం. మొదటి అరగంటలో ఏమీ అర్థం కాక ఆపేయాలనిపిస్తే, ఇంకో అరగంట కూర్చోండి.