గీజర్‌కు రాగి పైపా, సీపీవీసీయా?

గీజర్ వేడినీళ్ల లైనుకు మీ ప్లంబర్ సీపీవీసీ, అంటే వేడి నీళ్లకు వాడే ప్లాస్టిక్ పైపు, చాలంటున్నాడు, ఇంగ్లండ్‌లో ఉన్న మీ బావేమో ప్లాస్టిక్ వద్దు, రాగే వేయించమంటున్నాడు. అదే కదా మీ పంచాయితీ.

మీ బావ చెప్పేది అక్కడి బాయిలర్ సంగతి. ఇల్లు వెచ్చగా ఉండటానికి 70, 80 డిగ్రీల నీళ్లు గంటల తరబడి రేడియేటర్లలో తిరుగుతూనే ఉంటాయి. అందుకే బాయిలర్ నుంచి మొదటి మీటరు రాగి వేసి, తర్వాతే ప్లాస్టిక్‌కు మారతారు. అది కూడా గాలిలోని ఆక్సిజన్ లోపలికి పోకుండా ప్రత్యేకమైన పొర ఉన్న ప్లాస్టిక్, లేకుంటే రేడియేటర్లు తుప్పు పడతాయి. మన బాత్రూం గీజర్ పొద్దున కాసేపు నడుస్తుంది, 75 డిగ్రీలు దాటకముందే థర్మోస్టాట్ ఆపేస్తుంది. సీపీవీసీ 93 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. మిద్దె మీది ట్యాంకు ప్రెషర్ దానికి ఒక లెక్క కాదు.

హన్మకొండలో మా ఇంటికి నేను సీపీవీసీయే వేయించాను. అంతకుముందున్న జీఐ పైపు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపు, కోసి చూస్తే లోపల పెన్సిల్ పట్టేంత సందు మిగిలింది, చుట్టూ తుప్పు, తెల్లటి సున్నపు పెచ్చు. మా బోరు నీళ్లు అంత ఉప్పు. రాగి మంచిదే. కానీ రేటు ఎక్కువ, పైగా దాన్ని అతికే పని ఏసీ మెకానిక్‌లకు తెలిసినంతగా ఇక్కడి ప్లంబర్లకు అలవాటు లేదు. పాత జీఐ లైనుకు రాగి ముక్క కలిపితే జీఐని తుప్పు ఇంకా తొందరగా తినేస్తుంది.

మీరు పట్టుబట్టాల్సింది జాయింట్ల దగ్గర. గీజర్‌కూ గోడకూ మధ్య స్టీలు అల్లిక ఉన్న కనెక్షన్ పైపు పెట్టించండి. గోడలో ఇత్తడి మర ఉన్న ఫిట్టింగే వేయాలి, ప్లాస్టిక్ మర వేడికి వదులై కారుతుంది. పైపులు అతికించే సొల్యూషన్ డబ్బా మీద సీపీవీసీ అని ఉందో లేదో మీ కళ్లతో చూడండి, మామూలు పీవీసీది పనికిరాదు. అతికాక ఒక రోజంతా ఆగి వేడి నీళ్లు వదలండి. మూడు మీటర్ల సీపీవీసీ 50 డిగ్రీలు వేడెక్కితే దాదాపు సెంటీమీటరు సాగుతుంది, రాగి అందులో పావు వంతే. అందుకని క్లాంపులు బిగించి చంపొద్దు, పైపు కదలనివ్వాలి.

గీజర్ సేఫ్టీ వాల్వ్ బొట్లు బొట్లు కారుతోందని దానికి డమ్మీ కొట్టి మూసేసేవాళ్లున్నారు. దయచేసి అది మాత్రం చేయనివ్వకండి, ట్యాంకు పగిలే ప్రమాదం ఉంది. ఆ నీళ్లకు చిన్న పైపు పెట్టి నాలీలోకి దింపండి.

మిద్దె మీద సోలార్ హీటర్ కూడా పెడతానన్నారు కాబట్టి ఇంకో మాట. దానికి థర్మోస్టాట్ ఉండదు. ఎండాకాలం తాళం వేసి ఊరికి పోతే లోపలి నీళ్లు మరిగేదాకా వస్తాయి. మా పక్కింటాయన సోలార్ ట్యాంకు నుంచి నేరుగా ప్లాస్టిక్ వేయించుకున్నాడు, మే నెలలో క్లాంపుల మధ్య పైపు కిందికి జారి, మలుపులో వేసే ఎల్బో దగ్గర ఊడింది. అక్కడ మాత్రం మీ బావ మాటే వినండి, ట్యాంకు నుంచి మొదటి మీటరు, రెండు మీటర్లు లోహపు పైపే ఉండాలి, రాగి దొరికితే మరీ మంచిది. తర్వాత సీపీవీసీకి మారి, ఎండ తగలకుండా పైన తొడుగు వేయించండి. రంగు వేస్తే నీళ్లతో కలిపేదే వేయాలి, ఆయిల్ పెయింట్ ఆ పైపును పాడు చేస్తుంది.

గోడ గాడి పూడ్చకముందే లైను నింపి, పంపుతో ప్రెషర్ పెట్టి ఒక రాత్రి ఉంచమనండి.