డాక్టర్ సలహా: నడుము లాగే యంత్రం కోసం చిట్టీ ఎత్తాలా?

ప్రశ్న: మా వారికి 42 ఏళ్లు. మిర్యాలగూడలో రైసు మిల్లు హమాలీ. పుట్టి పెరిగింది మర్రిగూడ మండలంలో, చిన్నప్పటి నుంచి బోరు నీళ్లే తాగారు. ఐదు వారాల కిందట బస్తా ఎత్తుతుంటే నడుము కలుక్కుమంది. అప్పటి నుంచి ఎడమ కాలు పిక్క దాకా గుంజుతోంది. ఎమ్మారైలో ఎల్4–ఎల్5 దగ్గర, అంటే నడుములోని నాలుగు, ఐదు పూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు ఉబ్బిందని రాశారు. ఆపరేషన్ లేకుండా యంత్రంతో డిస్కును లోపలికి పంపుతామని, 20 సిట్టింగులకు 45 వేలు అవుతుందని ఒక సెంటరులో చెప్పారు. చిట్టీ ఎత్తి కట్టమంటారా?
– ఒక సోదరి, మిర్యాలగూడ

జవాబు: వద్దమ్మా, చిట్టీ ఎత్తకండి. ఐదు వారాలుగా కూలి రాని ఇంటికి ఆ డబ్బు అవసరం చాలా ఉంటుంది.

ఆ యంత్రం చేసే పని ఇది. ఛాతీకి ఒక బెల్టు, తుంటికి ఒక బెల్టు బిగిస్తారు. నడుము దగ్గర రెండుగా విడిపోయే బల్ల అది. కంప్యూటర్‌లో పెట్టిన లెక్క ప్రకారం కింది సగం కాసేపు మెల్లగా లాగుతుంది, కాసేపు వదులుతుంది. అరగంట ఇదే. పూసల మధ్య ఎడం పెరిగి, ఉబ్బిన డిస్కు తిరిగి లోపలికి పోతుందని చెబుతారు. లాగుతున్నంతసేపు కొందరికి హాయిగా ఉండే మాట నిజమే. కానీ బల్ల దిగి నిలబడగానే ఒంటి బరువంతా మళ్లీ అదే డిస్కు మీద పడుతుంది. ఒకప్పుడు ఆసుపత్రుల్లో మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి, తాడుకు బరువులు వేలాడదీసి నడుము లాగేవారు. మీకు చెప్పిన యంత్రం ఆ ట్రాక్షన్‌కే కొత్త రూపం. ట్రాక్షన్ మీద జరిగిన 32 అధ్యయనాలను, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2013లో కలిపి పరిశీలించింది. నొప్పి తగ్గడంలో గానీ, పనిలోకి తిరిగి వెళ్లడంలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నడుము నొప్పికి ట్రాక్షన్ ఇవ్వవద్దని బ్రిటన్ మార్గదర్శకాలు 2016లోనే చెప్పాయి.

ఎమ్మారైలో రాసిన మాట చూసి బెదిరిపోకండి. ఏ నొప్పీ లేని నలభై ఏళ్ల వారికి స్కాన్ తీసినా సుమారు సగం మందిలో డిస్కు ఉబ్బు కనిపిస్తుంది. కాలిలోకి దిగిన నొప్పి కూడా ఎక్కువ మందికి 6 నుంచి 12 వారాల్లో తగ్గుముఖం పడుతుంది. నరం చుట్టూ వాపు తీస్తుంది, డిస్కులోంచి జారిన గుజ్జును శరీరమే కొంతకొంతగా కరిగించుకుంటుంది. ఇరవై సిట్టింగులు పూర్తయ్యేసరికి ఎలాగూ ఆ వారాలు గడిచిపోతాయి. అప్పుడు పేరు యంత్రానికి వస్తుంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట మర్రిగూడ. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ ప్రాంతపు బోర్లలో అంతకు మించి ఉన్న నీళ్లనే ఏళ్ల తరబడి తాగారు. ఇప్పుడు మంచినీళ్లు తాగుతున్నా, చిన్నతనంలో ఎముకలో చేరిన ఫ్లోరైడ్ అంత తొందరగా పోదు. వెన్ను కట్టుకుపోతుంది, పూసల మధ్య బంధనాలు సున్నం పట్టి గట్టిపడతాయి, కొందరిలో వెన్నుపాము ఉండే దారే ఇరుకవుతుంది. అలాంటి వెన్నును బెల్టులు కట్టి లాగడం ప్రమాదం. ఇంట్లోనే ఒక పని చేయండి. గడ్డం ఛాతీకి ఆనించమనండి. రెండు చేతులూ తల వెనక్కి పెట్టమనండి. నొప్పి కాస్త తగ్గిన రోజున నేల మీద రూపాయి బిళ్ల వేసి, మోకాళ్లు వంచకుండా తీయమనండి. ఇవి చేయలేకపోతే ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఎముకల జబ్బు) అనే తేల్చలేం, కానీ అనుమానించాలి. వెన్నుకూ ముంజేతికీ ఎక్స్‌రే తీస్తే చాలావరకు తెలుస్తుంది. ముందు అది తీయించండి.

ఇక మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు రోజూ మింగనివ్వకండి. కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. మంచానికి అంటుకుపోవడం కూడా మంచిది కాదు. రోజుకు నాలుగైదుసార్లు పదేసి నిమిషాలు నడవాలి. పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకుంటే నరానికి కాస్త తెరిపి. గట్టి చెక్క మీదే పడుకోవాలన్న నియమం లేదు. నడుము తొక్కించడం, విరిపించడం మాత్రం అసలు వద్దు. మేస్త్రీతో మాట్లాడి మూడు నెలలు కాంటా దగ్గరో, బస్తాల మూతులు కుట్టే చోటో పని అడగండి. హమాలీ కుటుంబానికి ఆ కూలి తేడా ఎంత బరువో నాకు తెలుసు. అయినా అడగండి.

మూత్రం బిగబట్టినట్టు అయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య, మలద్వారం చుట్టూ మొద్దుబారినా, కాళ్లు రెండూ పట్టు తప్పినా ఆ పూటే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు జారిపోయినా తెలియకపోతే, మడమల మీద నాలుగడుగులు వేయలేకపోతే నరం బలం తగ్గుతోందని అర్థం. అప్పుడు కూడా వారాలు ఆగవద్దు. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్ర లేపే నొప్పి ఉంటే వెన్ను క్షయ కోసం పరీక్ష చేయించాలి.

ఇవేవీ లేకపోతే ఈ వారంలోనే నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో ఎముకల విభాగానికి వెళ్లండి. ఎనిమిది వారాలు దాటినా కాలి నొప్పి తగ్గకపోతే నరం దగ్గర ఇచ్చే ఇంజెక్షన్ గురించి, ఆపరేషన్ గురించి అక్కడి వైద్యులతో మాట్లాడవచ్చు. ఎమ్మారై కాగితం ఒక్కటే కాకుండా ఫిల్ములు కూడా తీసుకెళ్లండి. ఇన్నాళ్లూ వేసుకున్న మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకోండి. మర్రిగూడలో ఎన్నేళ్లు ఉన్నారో, ఏ నీళ్లు తాగారో వాళ్లు అడగకపోయినా మీరే చెప్పండి.