నీళ్ల తప్పు కాదమ్మాయ్

మొన్న సంక్రాంతికి అంబాజీపేట వెళ్తే, మా పిన్ని కోడలు అరుగు మీద నా పక్కన చతికిలబడి తల వంచి పాపిడి చూపించింది. "చూడు వదినా, జుట్టు ఎలా రాలిపోతోందో. డాలస్ నీళ్లు పడలేదు." వెళ్లి ఆరు నెలలైంది. షవర్‌కి ఫిల్టర్ కూడా బిగించిందట.

పద్దెనిమిదేళ్ల కిందట అమెరికా వెళ్లిన కొత్తలో నేనూ నీళ్లనే తిట్టుకున్నాను. గోదావరి కాలవ నీళ్లతో తలంటుకున్నవాళ్లం, ఇంకెవర్ని తిడతాం! ఉప్పు నీళ్లకి వెంట్రుక పెళుసై మధ్యలో తెగుతుందేమో గానీ కుదురుతో ఊడిరాదు. జుట్టు మామూలుకన్నా బాగా ఎక్కువ రాలుతోందా, రాలిన వెంట్రుక చివర చిన్న తెల్ల బుడిపె ఉందా? అయితే రెండు మూడు నెలలు వెనక్కి వెళ్లి వెతుక్కోవాలి. గట్టి జ్వరం, కాన్పు, ఆపరేషన్, ఒక్కసారిగా బరువు తగ్గడం, పెద్ద టెన్షన్. దెబ్బ అప్పుడు తగులుతుంది, జుట్టు ఇప్పుడు రాలుతుంది. పసిబిడ్డ నవ్వు నేర్చాక తల్లి జుట్టు ఊడుతుందని మా అమ్మమ్మ అనేది. లెక్కేస్తే అది మూడో నెలే. చాలామందికి ఆరు నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం అసలు జబ్బే కాదు.

ఈ పిల్లని కదిపితే అసలు సంగతి బయటపడింది. మొగుడిది రాత్రి డ్యూటీ. ఒక్కదానికీ వండుకోబుద్ధి కాక కాఫీ, బ్రెడ్డుతో గడిపేసింది. తొమ్మిది కిలోలు తగ్గితే, సన్నబడ్డానని మురిసిపోయిందట కూడా!

అయినా పరీక్షలు మానొద్దన్నాను. అక్కడ ముందు ప్రైమరీ కేర్ డాక్టర్‌ని కలవాలి. థైరాయిడ్, హిమోగ్లోబిన్‌తో పాటు ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ కూడా చూడమని నోరు తెరిచి అడగాలి. హిమోగ్లోబిన్ బాగున్నా ఒంట్లో ఇనుము నిల్వ అడుగంటి ఉండొచ్చు. నెలసరి తప్పుతుంటే అదీ చెప్పాలి. జుట్టుకని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు మింగుతుంటే డాక్టర్‌తో చెప్పి, పరీక్షకి ముందే ఆపాలి. లేకపోతే థైరాయిడ్ లెక్కలు తప్పుగా రావచ్చు. పేనుకొరుకుడులా గుండ్రంగా ఊడినా, మాడు మంటపుట్టి నున్నబడినా చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లడం ఆలస్యం చెయ్యకూడదు.

నాకైతే అన్నీ నార్మలే వచ్చాయి. మొదటి డాక్టర్ పెదవి విరిచేసింది, పాపిడి మాత్రం ఏటేటా వెడల్పవుతూనే ఉంది. ఇది కొందరు ఆడవాళ్లకి వంశంలో వచ్చేదని రెండో డాక్టర్ చెప్పి మినాక్సిడిల్ అనే మందు మాడుకి రాసుకోమంది. మొదటి వారాల్లో ఇంకా ఎక్కువ రాలి హడలిపోయాను. గుణం కనపడ్డానికి నాలుగైదు నెలలు పట్టింది. మానేస్తే మళ్లీ మొదటికే; కడుపుతో ఉన్నవాళ్లు వాడకూడదు. పెళ్లిళ్లకి సవరం పెట్టుకునేదాన్ని. అక్కడైతే పాపిడి కప్పే విగ్గు ముక్కని టాపర్ అని అమ్మి డాలర్లు గుంజుతారు. చివరికి విసుగొచ్చి మెడ దాకా కత్తిరించేశాను. వీడియో కాల్‌లో అమ్మ "జడేదే?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. రెండోవారానికి "తలంటు తేలికే కదా, ఆయ్" అంది.

తిరుగు ప్రయాణానికి ఆ పిల్ల పెట్టెలో కొబ్బరినూనె సీసాలు నాలుగు సర్దుకుంది. రెండు తీయించి, ఆ చోట్లో సున్నుండల డబ్బా పెట్టించాను.