మొదటి పికోలో ట్రంపెట్ ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న: ఎనిమిదేళ్లుగా మామూలు బి ఫ్లాట్ ట్రంపెట్ వాయిస్తున్నాను. మూడు వాల్వుల (స్వరం మార్చే మీటల) పికోలో, అంటే ఒక స్థాయి పైన పలికే చిన్న ట్రంపెట్, ఒకటి చవకగా దొరుకుతోంది. తీసుకోవచ్చా?

జవాబు: వద్దండి. నేను మొదట కొన్నది అలాంటిదే. కింది స్వరాలు వచ్చిన ప్రతిసారీ ఆగిపోయేదాన్ని, చాలా బాధగా ఉండేది. నాలుగో వాల్వ్ నొక్కితే స్థాయి సా నుంచి కింది పా అంత దిగుతుంది. బరోక్ సంగీతానికి (బాఖ్ కాలం నాటి పాత యూరప్ సంగీతం) అది కావాలి.

పికోలో గొట్టం పొడవు మామూలు ట్రంపెట్‌లో సగమే. అందుకే తయారీలో చిన్న తేడా ఉన్నా అపశ్రుతి పెద్దగా తెలుస్తుంది. ట్యూనర్ పెట్టుకుని ఒక్కో స్వరం నిదానంగా వాయించి చూడండి, తొందరపడకండి. కొత్త చవక రకం కన్నా, వాల్వులు అరగని, స్లైడ్లు (శ్రుతి సరిచేసే జారుడు గొట్టాలు) బిగుసుకోని నాలుగు వాల్వుల సెకండ్ హ్యాండ్‌దే మేలని నా నమ్మకం. బి ఫ్లాట్, 'ఎ' (A) అనే రెండు శ్రుతులకూ లీడ్‌పైపులు (మౌత్‌పీస్ అమర్చే గొట్టాలు) ఉన్నాయా అని అడగండి.

పైస్థాయి సులువవుతుందని మాత్రం ఆశపడకండి. ఇప్పుడు మీ పెదవులకు అందని స్వరం ఇందులోనూ అందదు.

అన్నట్టు, కొన్ని పికోలోలకు కార్నెట్ (ట్రంపెట్‌ లాంటి మరో వాద్యం) మౌత్‌పీసే పడుతుంది. మీ దగ్గరున్నది వెంట తీసుకెళ్లి అమర్చి చూడండి.