ఉప్పునీళ్లలో మునిగిన వడ్లన్నీ మొలుస్తాయా?

మునిగితే గింజ నిండుగా ఉందని అర్థం, ప్రాణంతో ఉందని కాదు. పోయిన సార్వాలో (ఖరీఫ్ పంటలో) దాచిన స్వర్ణ రకం వడ్లు దాదాపు అన్నీ మునిగాయి, నారు పోసేయొచ్చా అని అడిగారు. ఆ ఒక్కదాన్ని నమ్ముకుని పోయకండి. కోడిగుడ్డు రూపాయి బిళ్లంత పైకి తేలేలా ఉప్పు కలిపితే, ఆ నీళ్లలో తాలూ (పాలు పోసుకోని ఉత్త పొట్టు గింజలు) అరకొర గింజలూ తేలిపోతాయి. ఆ పనికి అది మంచి పద్ధతే. (తర్వాత మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడగాలి, లేకపోతే ఉప్పు మొలకనే దెబ్బతీస్తుంది.) కానీ చెమ్మకి లోపల మొలక చచ్చిపోయిన గింజ కూడా నిక్షేపంగా మునుగుతుంది.

మాది పశ్చిమగోదావరి, సొంత విత్తనమే వాడతాం. ఏటా నారుమడి దున్నకముందే ఇంట్లో మొలక చూస్తాం. ఇందులో అసలు కిటుకు గింజలు ఎక్కణ్ణుంచి తీశామన్నదే. చాలామంది పై బస్తా మూతి విప్పి గుప్పెడు తీస్తారు. ఒక ఏడు పై బస్తాదీ, గోడవారగా నేలమీదున్న అడుగు బస్తాదీ విడివిడిగా పెట్టాం. పైది నూటికి 90 దాటింది, అడుగుది 70కి అటూ ఇటూగా ఆగింది. ఒకే కళ్లం ధాన్యం! ధాన్యం కొనేవాళ్లు బస్తాలోకి గుచ్చే గొట్టం దొరికితే ప్రతి బస్తాలో పైనా మధ్యా అడుగునా తీయండి. చెమ్మ తగిలిందనిపించిన బస్తాని మాత్రం వేరేగా పరీక్షించండి.

తీసినవాటిలోంచి ఏరకుండా 100 గింజలు లెక్కపెట్టండి. బాగున్నవి ఏరితే పరీక్ష దేనికి? గోనెపట్టా తడిపి, నీళ్లు కారకుండా పిండి, వరసకి పది చొప్పున ఒకదానికొకటి తగలకుండా పేర్చి, చాప చుట్టినట్టు వదులుగా చుట్టి నీడలో నిలబెట్టండి. రోజూ కాస్త నీళ్లు చిలకరిస్తే చాలు, ముంచెత్తితే గాలాడక కుళ్లుతాయి. ల్యాబుల్లో 400 గింజలు పెట్టి 14వ రోజుదాకా చూస్తారు. మనకి వారం చాలు.

విప్పాక ముక్కు పగిలినవన్నీ లెక్కేయకండి. వేరూ ఆకూ రెండూ శుభ్రంగా వచ్చినవే లెక్క. వేరు బారెడు సాగి ఆకు లేనివి, బూజు పట్టినవి, గోటితో నొక్కితే గంజిలా జారేవి పక్కన పడేయండి. ధ్రువీకరించిన వరి విత్తనానికి కనీసం 80 శాతం మొలక ఉండాలి. 70 వస్తే ఎకరానికి 25 కిలోలు పోసేచోట 28, 29 కిలోలు పోసి నెట్టుకురావచ్చు. 60 కూడా రాకపోతే మిల్లుకి తోలేయడమే మేలు. మొలిచినవి కూడా నీరసంగానే వస్తాయి.

దాళ్వా (రబీ పంట) కోసిన వెంటనే పరీక్షిస్తే మాత్రం లెక్క వేరు. కొన్ని రకాలకి కోత తర్వాత కొన్ని వారాలు నిద్రావస్థ ఉంటుంది, అంటే బతికున్నా మొలవదు. మొలవని గింజ నొక్కితే గట్టిగా ఉంటే అది చావలేదు. లీటరు నీళ్లకి 6.3 మిల్లీలీటర్ల గాఢ నత్రికామ్లం (నైట్రిక్ యాసిడ్) కలిపి (ఆమ్లాన్నే నీళ్లలో పోయాలి, చేతికి తగలనివ్వొద్దు) 24 గంటలు నానబెట్టి, కడిగి మండె కడితే (తడి గోనెలో మూటగా ఉంచితే) లేస్తుంది. మీవి ఆర్నెల్ల కిందటి సార్వా వడ్లు కాబట్టి ఆ వంక చెల్లదు. నారు పోయడానికి రెండు వారాల ముందే గోనెపట్టా చుట్టి మొలక చూడండి, తేడా వస్తే వేరే విత్తనం వెతుక్కునే టైముంటుంది.